టీచరమ్మ తాగేసిన స్వరం

ఆ రోజుల్లో సంగీతం నేర్చుకోవాలంటే సంగీతం వచ్చినవాడి దగ్గరికే వెళ్ళాలన్న నియమం మా బూర్గంపాడు వైపు అంతగా లేదు. సంగీతం వచ్చినవాడి పక్కన నిలబడ్డవాడు దొరికినా చాలు. అలా నిలబడ్డవాణ్ణి నేను. ఏడో తరగతిలో లెక్కలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాక, బ్రిడ్జి దాటి భద్రాచలంలో ఒక మైకు సెట్టు షాపులో కుదిరాను. పెళ్ళయినా, చర్చి కూటమయినా, ఓట్ల మీటింగయినా, ఎవరు పాడినా ఎవరు తిట్టినా, అందరికంటే ముందు "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనేది నేనే. అంటే ఆ చుట్టుపక్కల జరిగిన ప్రతి కచేరీలోనూ మొదటి గాత్రం నాదన్నమాట (రెండోది 'కూ' అని చెవులు కోసే హారన్‌ది). ఆ కారణంగా నాకు సంగీతం తెలుసని మా ఇంట్లో ఒక నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకాన్ని చెడగొట్టేంత నిజాయితీ నాకప్పటికి అలవాటు కాలేదు.

మా అక్క కూతురు మూడో తరగతి చదివేది. పిచ్చుక అని పిలిచేవాళ్ళం. కళ్ళు తెరవకముందే పాట తెరిచే పిల్ల. పళ్ళు తోముకుంటూ పాడేది, ఆ నురగ పక్కవాళ్ళ మీద పడేది. అలాంటిది ఆ ఏడాది క్రిస్మస్ ప్రోగ్రాంకి పిల్లల పాట మొదలైన నాలుగు రోజులకే మూగబోయింది. ఏమైందంటే, సండే స్కూలు టీచరమ్మ (గంజి పెట్టిన చీరలాంటి మనిషి, మంచిదే గానీ మడత పడదు) పిల్లలందరిచేతా పాడించి, పిచ్చుక దగ్గర ఆగి, "నువ్ ముందు వరసల నిలబడు బిడ్డా. మంచిగ నవ్వు. పెదాలు ఆడియ్యి. గొంతు మాత్రం తియ్యకు, పక్కోళ్ళ పాట పాడైతది" అందట.

ఆ పిల్ల మాట వినే పిల్ల. చర్చిలో ఆడించమన్న పెదాలను ఇంట్లో కూడా ఆడించడం మొదలుపెట్టింది. అన్నం పెట్టమనడానికి పెదాలే, చాలు అనడానికి పెదాలే. మా అక్క కంగారుపడి దవాఖానాకు తీసుకుపోతానంది. మా అమ్మ అడ్డం పడింది.

"దవాఖానా ఎందుకే? ఇంట్ల తమ్ముడు లేడా? ఊరూరికి పాటలు మోసేటోడు, పిల్లకు గింత పాట నేర్పలేడా?"

మా బావకు బస్టాండు దగ్గర టీ హోటలుండేది. హోటలు వెనకే మేమంతా ఉండే ఇల్లు. నా గురించి మా అమ్మ పొగడ్త వినపడితే చాలు, ఎంత గిరాకీ ఉన్నా వదిలేసి వచ్చేవాడు. "అత్తా, పల్లకి మోసేటోనికి పెండ్లయినట్టేనా?"

"నువ్ టీ జూస్కో, పొంగిపోతాంది" అంది మా అమ్మ.

నేను ఒప్పుకున్నాను. అంతకుముందు నేనెప్పుడూ ఎవరికీ ఏమీ నేర్పలేదు, ఒక రామచిలకకి తిట్లు నేర్పడం తప్ప (ఆ చిలకను యజమాని మూడో నాడే అడవిలో వదిలేశాడు). షాపుకి పోయేముందు పొద్దున కొంతసేపు, వచ్చాక కొంతసేపు పాఠం. మొదటి పాఠం తాళం. మా బావ బజ్జీలకు ఉల్లిగడ్డలు తరుగుతుంటే, బోర్లించిన సత్తు గిన్నె మీద ఆ కత్తి చప్పుడుకు సరిగ్గా తాళం వెయ్యమన్నాను. పిల్ల వేసింది. ఎవరో తన కత్తికి తాళం వేస్తున్నారనగానే మా బావకు హుషారొచ్చి, కళ్ళు మూసుకుని తల ఊపుతూ వేగం పెంచాడు. ఆ పూట బజ్జీలు లేవు. వేలికి కట్టు మాత్రం బజ్జీ అంత ఉంది.

రెండో పాఠం బస్సులు. ఇంట్లో కూర్చుని హారన్ విని, ఏ బస్సో చెప్పాలి. నేను వంద బస్సులెక్కినవాణ్ణి, నాలుగింట్లో మూడు తప్పు చెప్పాను. పిచ్చుక గోడవైపు తిరిగి కూర్చుని, బస్సు మలుపు తిరగకముందే వేలితో నేల మీద 'కొ' అని రాసేది. కొత్తగూడెం బస్సే వచ్చేది. ఈ పిల్లకు చెవి లేదన్నదెవరని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నా పాఠం గొప్పదనుకున్నాను.

ఇక మూడో పాఠం. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక ఫంక్షన్లో ఒక పెద్దమనిషి పింగాణీ గిన్నెల్లో నీళ్ళు పోసి, పుల్లలతో కొట్టి, జనాన్ని మైమరపించాడు. ఆ గిన్నెల ముందు మైకు పెట్టింది నేనే కాబట్టి ఆ విద్య నాకు వచ్చేసినట్టే. మా బావ హోటల్లోంచి నీళ్ళ గ్లాసులు ఏడు తెచ్చి, గాజువే, బల్ల మీద వరసగా పెట్టాను. స్వరం పెరగాలంటే నీళ్ళు పెరగాలి కదా! 'స'కు చుక్క, 'రి'కి గుక్క, అలా పెంచుకుంటూ పోయి 'ని' గ్లాసు అంచుదాకా నింపాను. చెంచా తీసుకుని ఎడమ నుంచి కుడికి, గురువుగారి ఠీవితో కొట్టాను.

పిల్ల కాసేపు విన్నది. అన్నాళ్ళకి మొదటిసారి గొంతు బయటికొచ్చింది.

"మామా, ఇది దిగుతాంది."

"ఏంది దిగేది?"

"పాట. మెట్లు ఎక్కుతలేదు, దిగుతాంది."

"నువ్ నాకు చెప్తవా?" అన్నాను, మళ్ళీ కొట్టాను. దిగుతోంది. నిజంగానే బావిలోకి దిగినట్టు దిగుతోంది. నీళ్ళు ఎక్కువైతే గాజు గొంతు లావవుతుందన్న సంగతి ఆ పెద్దమనిషి నాకు చెప్పలేదు (నేనడగలేదు, వైరు చుట్టుకునే పనిలో ఉన్నాను). పిల్ల నాతో వాదించలేదు. బల్ల ఆ చివరకు పోయి, నిండు గ్లాసు వైపునుంచి మొదలుపెట్టింది. ఆ తరువాత ఒకదాంట్లో చెంచాడు పోసి, ఇంకోదాంట్లోంచి గుక్కెడు తాగి, తలొంచి విని, మళ్ళీ గుక్కెడు తాగి, వరస సరిచేసింది. మర్నాటికి క్రిస్మస్ పాట మొత్తం ఆ గ్లాసుల మీద మోగించేసింది. నేను పక్కన కూర్చుని, గురువులు చేసే ముఖ్యమైన పని చేశాను. "ఊఁ" అన్నాను.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. డిసెంబరులో పాటల ప్రాక్టీసు రోజుకొక ఇంట్లో జరిగేది. పిల్లలు, టీచరమ్మ, చర్చి సంఘపెద్ద వచ్చేవాళ్ళు, ఆ ఇంటివాళ్ళు టీలు ఇచ్చేవాళ్ళు. మా ఇంటి వంతు వచ్చిననాడు పిచ్చుక గ్లాసుల మీద పాట వినిపిస్తుంది. టీచరమ్మ 'పెదాలు ఆడియ్యి' అనడానికి ఇందులో పెదాల పనే లేదు. అది వింటే పిల్లకు పాట వచ్చని ఒప్పుకుంటుంది, పాడనిస్తుంది. "పాడనిస్తరా మామా?" అని ఆ పిల్ల నన్ను ఎన్నిసార్లడిగిందో. "నేనున్నా గదా" అన్నాను. నేనుంటే ఏమవుతుందో అప్పటికి దానికి తెలియదు.

ఆ సాయంత్రం బల్ల మీద గ్లాసులు పేర్చి, నీళ్ళు సరిచూసి, పైన తువ్వాల కప్పాం. నేను వాకిట్లోకి పోయి చాప పరిచి వచ్చేసరికి జనం వచ్చేశారు. వందనాలమ్మా, వందనాలయ్యా అయిపోయాయి. ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో ముందు నీళ్ళు పెట్టకుండా మా అమ్మ మాట్లాడదు. మా బావ చెయ్యి అంతకన్నా ఘోరం. నిండిన గ్లాసు ఎక్కడ కనపడినా, దాన్ని మనిషి ముందు పెట్టేదాకా ఆ చేతికి నిద్ర పట్టదు. నేను తిరిగి చూసేసరికి తువ్వాల కుర్చీ మీదుంది, సంఘపెద్ద మీసాలు తుడుచుకుంటున్నాడు, టీచరమ్మ ఖాళీ గ్లాసు కింద పెడుతోంది.

"బావా! నువ్ ఇచ్చింది ఏంది?"

"నీళ్ళురా. ఏ, మందు పోస్తననుకున్నవా?"

"ఆమె తాగింది 'గ' బావా! ఆయన తాగింది 'ప'!"

"తాగితె తాగిండ్రు, కుండల మస్తుగున్నయ్" అని గ్లాసులు తిరిగి వరసలో పెట్టాడు, ఖాళీగానే.

నేను నింపబోయేలోపే టీచరమ్మ, "ఏదో వినిపిస్తనన్నవట, జల్దీ కానియ్యి బిడ్డా, పొద్దుపోతాంది" అంది. పిచ్చుక గ్లాసుల వంక చూసింది, నా వంక చూసింది. నేను గురువులు చేసే పనే మళ్ళీ చేశాను. "ఊఁ" అన్నాను.

మొదలుపెట్టింది. రెండు స్వరాలు బాగానే మోగాయి. ఖాళీ గ్లాసు తగలగానే 'కీఁ' మంది. పిల్లలు కిసుక్కుమన్నారు. పిచ్చుక ఆగింది. మళ్ళీ మొదటినుంచి కొట్టింది. ఈసారి ఖాళీ గ్లాసు దగ్గరికి రాగానే చెంచాను గాలిలోనే ఆపి, నోరు తెరిచి, ఆ స్వరాన్ని తానే పాడింది. చెంచా దాటింది, పక్క గ్లాసు మోగింది, మళ్ళీ ఖాళీ, మళ్ళీ గొంతు. గాజుకీ గొంతుకీ మధ్య అతుకు కనపడలేదు. పాట సగానికొచ్చేసరికి నవ్విన పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. సంఘపెద్ద తుడుచుకునే మీసాన్ని మరిచిపోయాడు.

"అయ్యో, గంత సక్కని గొంతుంటె మధ్యల ఆపి ఆపి పాడతవేందే?" అంది టీచరమ్మ.

"ఆ గ్లాసు నీళ్ళు మీరు తాగిండ్రు టీచరమ్మా. అందుకని నోటితోని పాడిన."

"మరి నీకు గొంతు లేదని ఎవరన్నరు?"

"మీరే."

ఇంటి పెంకులు లేచిపోయేలా నవ్వులు. గంజి చీర ఆ ఒక్కసారీ మడత పడింది. టీచరమ్మ కూడా నవ్వి, పిచ్చుకను దగ్గరికి లాక్కుని, "ఆనాడు అందరు ఒక్కపాలి ఒర్రిండ్రు బిడ్డా, ఎవల గొంతేదో నాకు తెలువలే. ముందు వరసల్నే నిలబడు, ఈసారి పెదాలు ఊకె ఆడియ్యకు" అంది.

క్రిస్మస్ నాడు మైకు పెట్టింది నేనే. మేనకోడలు కదా అని దాని ముందు సౌండు పెంచాను. అది పెంచక్కర్లేని గొంతని గుర్తొచ్చేసరికి హారన్ 'కూ' అంది, ఒక ముసలమ్మ యేసుప్రభువు రెండో రాకడ బూరే అనుకుని మోకాళ్ళ మీద పడింది. పాట అయ్యాక సంఘపెద్ద పిచ్చుకను పైకెత్తి, "ఎవరు నేర్పిండ్రమ్మా గింత మంచిగ?" అని అందరిముందూ అడిగాడు. నేను షర్టు గుండీ పెట్టుకుని, జుట్టు దువ్వుకుని, మైకు వెనకనుంచి ఒక అడుగు ముందుకొచ్చాను.

"ఎవ్వరు నేర్పలే తాతయ్యా" అంది మా పిచ్చుక, మైకులోనే, ఊరంతా వినేలా. "మా మామ పక్కన కూసున్నడు."

ఆ రాత్రి నేను అలిగి బిర్యానీ తినలేదు. మా బావ నా వాటా కూడా తిని, "పక్కన కూసున్నందుకు గింత కోపమైతె, నేర్పినోనికి ఎంతుండాల్నో" అన్నాడు. మీసాలు పూర్తిగా రాని ఆ మైకు సెట్టోడు చీకట్లో వైర్లు చుట్టుకుంటూ, కృతజ్ఞత లేని లోకాన్ని తిట్టుకుంటూ ఎంతసేపు కూర్చున్నాడో! ఇప్పుడు నాకు వాడి పక్కన కాసేపు కూర్చుని, "ఒరేయ్, నీ మొత్తం జీవితంలో నీ గురించి ఎవరూ ఇంతకంటే మంచి మాట అనబోరు, పోయి తిను" అని చెప్పాలనిపిస్తుంది. వింటాడా? వినడు. తల దువ్వుకుని మరీ ముందుకొచ్చినవాడు కదా.