కింది నుంచి పైకి

సిమెంటు కట్టు విప్పినా వాపు తగ్గక, నెలరోజులుగా నా కుడికాలు చెప్పులో దూరడం లేదు. ఖమ్మంలో మర్దన వైద్యం నేర్చుకుంటున్న మా చిన్నమ్మాయి సరోజ సెలవుకు వచ్చి, మూడు రోజులుగా ఇప్పనూనెతో పాదం నుంచి మోకాలి వైపు నిమురుతోంది. మన దుమ్ముగూడెం వైపు నొప్పిని కిందికి లాగి, వేళ్ల కొసల నుంచి విదిలిస్తాం కదా! పొద్దున ఉండబట్టలేక అరిచాను.

"ఏందే బిడ్డా, నొప్పిని నా గుండెకెక్కిస్తున్నవా?"

"నొప్పి కాదు నాయినా, వాపు నీరు. గది పైకే పోవాలె. పిసకొద్దు, మెల్లగ నిమరాలె. జర కదలకుండ కూసో!"

కూర్చున్నాను. సాయంత్రం చెప్పులో కాలు దూరింది! నా బంగారుతల్లి నూరేళ్లు చల్లగా ఉండాలి. ఆ సంతోషంలో ఊరంతా తిరిగొచ్చాను. ఇప్పుడు ఎడమకాలు లాగుతోంది. సరోజకు ఎలా చెప్పాలో మీరే చెప్పండి.