చేతిలో ట్రక్కు తాళాలు

కాలేజీకని దేశం దాటి వచ్చి ట్రక్కెక్కినవాణ్ణి నేను. అప్పట్లో ఎటోబికోలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన పిల్లలే. చదివిన కోర్సుకి ఉద్యోగం రాక ట్రక్కు లైసెన్సు తీసుకున్నా. ఆ సీట్లో కూర్చుంటే మాత్రం, నిజం చెప్తున్నా, నేనూ ఓ మనిషిననిపించేది.

ఓ ఆదివారం పప్పుకి తాలింపు వేస్తూ పడిపోయాను. ఫిట్స్. కళ్ళు తెరిచేసరికి నేలమీదున్నా, పిడికిట్లో నా ట్రక్కు తాళాలు. పక్కన కూర్చుని ఆ పిడికిలిని గట్టిగా మూసి పట్టుకున్నాడు మా రూమ్మేట్, వరంగల్ వాడు. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని వాళ్ళమ్మ చెప్పేదట. మా అమ్మా అదే చెప్పేది. ఆ గదిలో వాడికి చేతికందిన ఇనుము అదొక్కటే.

"ఎవ్వరికీ చెప్పకురా, రేపు పిల్లనెవరిస్తరు?" అన్నాడు.

పిల్ల సంగతి తర్వాత, ముందు నా ట్రక్కు! కానీ పై ఇంట్లోని ఓనర్ ఆంటీ అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేసేసింది.

ఆస్పత్రిలో తాళాల సంగతి చెప్తే డాక్టరమ్మ నవ్వలేదు. ఇనుముతో ఏమీ కాదు, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, అంతే అంది. లైసెన్సు ఆఫీసుకి తెలియజేయక తప్పదు, అది రూలు అని కూడా అంది. లైసెన్సు పోయింది. మందులు వాడుతూ ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా ఫిట్స్ రాకుంటే, ఆవిడ రాసిస్తే, మళ్ళీ ట్రక్కు నడపడానికి మెడికల్ మినహాయింపు అడగొచ్చట. ట్రక్కుల యార్డు ఓనర్ పంజాబీ అంకుల్ మంచివాడు, నన్ను ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాడు. పొద్దస్తమానం ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్ అని డ్రైవర్లని అడగడమే పని. కడుపు మండిపోయేది.

ఈలోగా ఒక్కొక్కరే పీఆర్ కాగితాలొచ్చాయనో, పెళ్ళనో బేస్‌మెంట్ ఖాళీ చేశారు. రూమ్మేట్ కూడా వాంకూవర్లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ నా తలగడ పక్కన ఓ పాత తాళాల గుత్తి పెట్టాడు.

"డాక్టర్ ఏమన్నా అననీ, ఉండనియ్యిరా" అన్నాడు.

డాక్టరమ్మ రాసిస్తానన్న రోజు రానే వచ్చింది. ఆ పొద్దున మంచం పక్కన నేలమీద మెలకువొచ్చింది. నాలుక కొరుక్కుని నోరంతా రక్తం, పైజమా తడి. గుత్తి తలగడ పక్కనే ఉంది. ఎవరూ చూడలేదు. ఒంటరి బతుకులో ఈ ఒక్క సుఖమైనా ఉంది కదా అనుకుంటూ నోరు కడుక్కుని బయల్దేరాను.

"ఈ మధ్య మళ్ళీ వచ్చిందా? మీతో ఉండేవాళ్ళెవరైనా గమనించారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నాతో ఎవరూ ఉండరండీ" అన్నా.

ఆవిడ పెన్ను తీసింది. హైవే గుర్తొచ్చింది. నా ముందు వెళ్ళే కార్లు, వెనక సీట్లలో నిద్రపోయే పిల్లలు. నేను నడిపేది స్కూటీ కాదు కదా!

"ఇవాళ పొద్దున్నే వచ్చింది" అన్నా.

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. ఏళ్ళ లెక్క మళ్ళీ మొదటినుంచి, అంది మెల్లగా.

బస్టాపు నుంచి రూమ్మేట్‌కి ఫోన్ చేశా. అక్కడింకా తెల్లారలేదేమో, నిద్ర గొంతుతో ఎత్తాడు.

"మళ్ళీ వచ్చిందిరా. ఇంక ట్రక్కు లేదు" అన్నా.

లైసెన్సు గురించి అడుగుతాడనుకున్నా.

"మరి చేతిల తాళాలెవరు పెట్టిన్రురా?" అన్నాడు.

ఎవరు పెడతార్రా అని, బస్టాపులో అంతమంది ముందూ ఏడ్చేశాను.