సుక్రమ్మత్త దించిన నీళ్లు

మా కొండ ఊరి బడిలో హాజరు వేస్తుండగా మొన్న ఆ కబురు వచ్చింది: మా మేనత్త సుక్రమ్మ ఇక లేదు. నమ్మలేకపోయాను. మృత్యువును సైతం 'ఏటి పని మీద వచ్చినావు?' అని నిలదీసి పంపేయగలదనుకున్న మనిషి!

తొంభైల నాటి మాట. అప్పట్లో అరకు చుట్టుపక్కల ఊళ్లలాగే మా ఊళ్లోనూ నీళ్ల మోత ఆడపిల్లలదే. కొండ మీది ఊట నుంచి బిందెలు మోసుకొచ్చేసరికి బడిగంట అయిపోయేది. తడిసిన భుజాలతో గుమ్మం బయట నిలబడేవాళ్లం. రోజూ ఈ శిక్ష పడే చదువెందుకని నాన్న నన్ను మానిపించబోయాడు. అత్త నా నెత్తి మీది బిందె దించింది.

"ఏటే గుంటా, నీరు తనంతట తానే కిందకి దిగుద్ది గదా! మనమెందుకు మొయ్యడం?"

ఊటకు ఇనుము తగిలితే గంగమ్మ అలుగుతుందని మా నియమం. గొట్టాల ప్రస్తావన తెచ్చినవారినల్లా పూజారి తాత తిప్పి పంపేసేవాడు. అత్త ఆచారాన్ని తూలనాడలేదు. "ఇనుమొద్దన్నారు, సరే. ఎదురు బొంగులొద్దని ఎవులన్నారు, సిన్నాన్నా?" అని మాత్రం అడిగింది. తాత పక్కకు జరిగి ఊట దారి వదిలాడు.

వెదుళ్ల మధ్య పుట్టిపెరిగిన మనిషే అయినా, తొలిసారి బొంగులను చీల్చకుండా, కణుపులు పొడిచి పేర్చింది. సగం కణుపులు తెగనే లేదు. చుక్క నీరు రాలేదు. ఊరంతా పగలబడి నవ్వింది. అత్తా నవ్వింది. "ఈయేళ నవ్వనీ, రేపు తాగుతారు" అంది. మర్నాడు బొంగులను నిలువునా చీల్చి దోనెలుగా పరిచింది. సాయంత్రానికి నీళ్లు ముంగిట్లోకి వచ్చాయి. నా చదువు నిలిచింది. నేనీ రోజు పంతులమ్మనంటే అది ఆమె చలవే.

చనిపోయినవారి స్నానానికి ఊట దగ్గరకే వెళ్లి నీళ్లు తేవాలన్నది తరతరాల కట్టడి. మొన్న కొత్త కుండలతో బయలుదేరిన మమ్మల్ని, వయసుతో వంగిపోయిన పూజారి తాతే ఆపాడు.

"యెక్కడికే? గంగమ్మని మీ అత్త ఇంటి కాడికి దించింది గదా. ఇక్కడే పట్టండి. లేకపోతే లేచి నన్ను తిడతాది."

ఏడుస్తూనే నవ్వాం.

అత్తా, నీ స్థానం భర్తీ కాదు. 'ఎందుకు?' అనే ఆ గొంతు కోసం ఈ ఊరు చాలాకాలం వెతుక్కుంటుంది. నీకు నా నమస్సులు. ఈ ఉదయం గంట కొట్టేసరికి ఆడపిల్లలందరూ లోపలే ఉన్నారు. ఎవరి భుజమూ తడిసి లేదు.