మనదే సార్

ఆ ఎండాకాలమంతా నా ఉద్యోగం ఒక్క ప్రశ్న అడగడమే: ఇది ఎవరిది?

తాగునీటి పంపుహౌస్‌లలో మోటార్లను కంప్యూటర్లే నడుపుతాయి. ఆ కంప్యూటర్ల నెట్‌వర్క్‌లోకి బయటి పరికరం ఏదీ చేరకూడదు. చేరిందంటే ఎక్కడో కూర్చున్నవాడు మోటార్లు ఆపెయ్యొచ్చు, నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలిపెయ్యొచ్చు. అందుకని ఆ పంపుహౌస్‌లు చూసే ఇంజనీరుగా నేను ప్రతి ప్యానెల్ తెరిచి, ప్రతి వైరు వెంటా పోయి, కాగితం మీద ‘ఎవరిది’ అనే గడిలో పేరు రాయాలి. అనుమతి లేకుండా పెట్టినవాణ్ణి పనిలోంచి తీసెయ్యమని పైనుంచి ఆర్డరు.

ఏన్కూరు నుంచి భద్రాచలం అడవి అంచు దాకా తిరిగి తిరిగి నడుము పడిపోయింది. ఎక్కడ అడిగినా ఒకటే జవాబు: "మనదే సార్." ఆ ‘మన’ అనే మాట అడిగినవాణ్ణి కూడా లోపలికి లాగేసుకుంటుంది. నాకు ఒళ్లు మండేది. "మనదంటే ఏంది, నాది కూడానా?" అని అరిచేవాణ్ణి. వాళ్లు నవ్వి, టీ తెప్పించేవారు.

అడవి పక్కన చివరి పంపుహౌస్‌లో, ప్యానెల్ వెనకాల, సిమ్ కార్డు వేసిన చిన్న తెల్ల రౌటర్ కనబడింది. అక్కడున్నది ఒక్కడే ఆపరేటర్. కాంట్రాక్టు మనిషి, యాభై దాటాయి. వాగు అవతలి గూడెం నుంచి రోజూ నడిచి వస్తాడు.

"మనదే సార్," అన్నాడు.

"పెట్టింది ఎవరని అడుగుతున్న. పేరు చెప్పు."

"నేనే పెట్టిన. వాగొస్తే రెండు దినాలు ఇటు రానీకి రాదు గద. చెత్త వచ్చి పైపుకు అడ్డం పడితే మోటార్ కాలిపోతది. అందుకే ఇంటికాడ్నుంచే ఫోన్ల బంద్ చేస్తున్న." మెల్లగా అన్నాడు: "పోయిన వానాకాలం గట్లనే ఆపిన. మీరే ఫోన్ల శభాష్ అంటిరి. యాది లేదా?"

యాదికి ఉంది. వాగు అవతల చిక్కుకున్న మనిషి మోటారు ఎలా ఆపాడని ఆ రోజు నేను అడగలేదు. అడిగితే ఆ వానలో ఖమ్మం నుంచి నేను రావాల్సి వచ్చేది. కావాలనే అడగలేదు.

గడిలో రెండు పేర్లు పట్టేంత చోటుంది. నేను ఒక్కటే రాశాను, అతనిది. రిటైర్మెంట్‌కు ఇంకా ఆరేళ్లుంది నాకు. అలసిపోయాను కూడా, కానీ అలసట వల్ల రాశానని చెప్పుకుంటే అబద్ధం. భయపడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంతకానికి కాగితం ఇచ్చాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. నా పేరు కోసం వెతికాడేమో, నాకు తెలియదు. సంతకం పెట్టి, తనే స్క్రూడ్రైవర్ తెచ్చి, రౌటర్ ఊడదీసి, దుమ్ము తుడిచి నా చేతికిచ్చాడు.

తర్వాత మొలతాడుకు కట్టుకున్న తాళంచెవులు విప్పుతూ అడిగాడు: "ఇవి ఇప్పుడే ఇయ్యాల్నా సార్, డ్యూటీ అయినంక ఇయ్యాల్నా?"

డ్యూటీ అయ్యాక ఇమ్మన్నాను. సరేనని, మీటర్ల రీడింగులు రాసుకోవడానికి లోపలికి పోయాడు.