రాయైన కలువకాయ

అరవైల మొదట్లో, నా తొలి కాన్పులో బిడ్డ చచ్చి పుట్టింది. నేను తెప్పరిల్లేలోపే మా అత్త నీళ్ళు పోసి, తెల్లగుడ్డలో చుట్టి పంపింది. మగవాళ్ళు మట్టి చేసి వచ్చారు. ఆడపిల్లని ఎవరో అంటుంటే విన్నాను గానీ, చూపించమని అడగలేదు. ఏడవనూ లేదు.

కొడవలూరులో మా గడప తొక్కినవాళ్ళందరూ నన్ను ఏడవమనేవాళ్ళే. అంట్లు తోమినట్టు అదీ ఒక పనైపోయింది, ఆ పని చేయని కోడలినయ్యాను నేను. ప్రార్థనకొచ్చిన పాస్టరమ్మ గారు కూడా కీర్తన మధ్యలో నా మొహమే చూసేవారు. "రాయైపోయినావు గదమ్మా, ఒక్కసారి ఏడువు," అని అత్త బతిమాలేది. వినబడేది. పులుసులో ఉప్పు తక్కువైందన్నా అంతే వినబడేది.

ఆ ఎండాకాలం దొడ్లో బావి తవ్వించారు. నల్లమట్టి దాటాక పలకల్లా విడిపోయే రాయి తగిలింది. అందులోంచి నిమ్మకాయంత గుండ్రటిది ఒకటి బయటపడింది. ఒక పక్క పగిలి ఉంటే, లోపల అరల్లో ఆవాల్లాంటి గింజలు కనిపించాయి. ముట్టుకుంటే అంతా రాయే.

మా ఆయన స్నేహితుడొకాయన నెల్లూరు కాలేజీలో బోటనీ చెప్పేవాడు. ఆదివారం వచ్చి, నా ఒళ్ళో ఉన్న దాన్ని చూసి మురిసిపోయాడు.

"కలువకాయమ్మా ఇది! ఎన్ని లక్షల ఏళ్ళ కిందటిదో! పువ్వు వాడినాక కాయ నీళ్ళలోకి మునిగి, అక్కడే పండి పగులుతుంది. ఇది పండకముందే బురద కమ్మేసినట్టుంది. గింజలు లోపలే ఉండిపోయినాయి."

"నాటితే మొలుస్తాయా నాయనా?" అని అత్త అడిగింది.

"యాడ మొలుస్తాయమ్మా? రాయైపోయినాయి గదా."

అత్త చప్పున నా వైపు చూసి తలదించుకుంది. నాకు నవ్వొచ్చింది. కాన్పు తర్వాత నవ్వడం అదే మొదలు, నా నవ్వుకు నేనే జడుసుకున్నాను.

"కాలేజీలో పెట్టుకుంటాను, ఇస్తావా వదినా?" అని ఆయన చెయ్యి చాచాడు. ఒళ్ళో ఉన్న కాయ మీద నా వేళ్ళు బిగుసుకున్నాయి.

"అప్పుడే వద్దు. నేనింకా సరిగ్గా చూడలేదు," అన్నాను.

అత్త వైపు తిరిగాను.

"అత్తా, బిడ్డది ఎవురి పోలిక?"

"నీ పోలికేనమ్మా. అచ్చం నీ ముక్కే," అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనే ఏడ్చింది.

నేను కాయకంటిన మట్టిని గోటితో గీకుతూ కూర్చున్నాను.