కదిరమ్మ మోసిన మాటలు

మా ఊళ్లో మిట్టవీధి వాళ్లకూ పల్లపువీధి వాళ్లకూ మాటలు లేవు. ఎందుకు లేవని అడిగితే రోడ్డును చూపిస్తారు. కంబదూరు నుంచి వచ్చే తారురోడ్డు రెండు వీధుల మధ్యగా పోతుంది. వేరుశనగ కాయలు ఆరబోయడానికి మాకు దాన్ని మించిన చోటు లేదు. దేవుడు వాన ఇవ్వడంలో పిసినారితనం చూపించినా, ఎండ మాత్రం ధారాళంగా ఇచ్చాడు. ఆ ఎండ కోసం కూడా కొట్లాడుకున్న ఘనులు మావాళ్లు.

ఒక ఏడాది మిట్టవీధి పెద్ద బయ్యన్న ఆరబోసిన కాయల మీదుగా పల్లపువీధి పెద్ద లింగప్ప ట్రాక్టరు పోయింది. కాయలు పగిలాయి. తలలు కూడా పగిలేవే గాని, పోలీసు జీపు సమయానికి వచ్చింది. ఆ తర్వాత రోడ్డు నడిమధ్యన రాళ్లు పేర్చి, సగం మీది సగం మాది అని పంచేసుకున్నారు. కోతల కాలంలో బస్సు డ్రైవరు ఆ రాళ్లను తప్పించుకుంటూ, మా ఊరికి బస్సు తోలడం కంటే సర్కసులో చేరడం నయమని మమ్మల్ని తిట్టుకుంటూ వచ్చేవాడు.

ఆ రోడ్డు పక్కనే కదిరమ్మ హోటలు. హోటలంటే రేకుల కొట్టం, ఒక పొయ్యి, రెండు బెంచీలు. ఆమె చేసే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కోసం రెండు వీధుల వాళ్లూ రావాల్సిందే. పగ పగే, ఆకలి ఆకలే. అందుకని మొగుడు సుబ్బన్న చేత బెంచీల మధ్య ఒక తడిక కట్టించింది. ఇటు మిట్ట, అటు పల్లం. సుబ్బన్న ఆ తడిక కట్టి బెంగళూరుకు కూలిపనికి పోయాడు. పండక్కి వచ్చినప్పుడల్లా అది గట్టిగా ఉందో లేదో చూసి మెచ్చుకుని పోతాడు, అంతకంటే పట్టించుకోడు.

మాటలు లేనివాళ్లకు మా వైపు ఒక పద్ధతి ఉంది. పక్కనే ఉన్నా నేరుగా మాట్లాడరు. మూడో మనిషికి చెబుతారు. ఆ మనిషి వచ్చి చెబితేనే విన్నట్టు లెక్క. మా ఊళ్లో ఆ మూడో మనిషి కదిరమ్మ. కానీ ఆమె మోసినవి ఎవరూ అనని మాటలు.

ఒకనాడు బయ్యన్న ఉగ్గాని తింటూ, "మే కదిరమ్మా, ఆ దున్నపోతుకు చెప్పు. ట్రాక్టరు అడ్డం తీకపోతే టైర్లు కోసేస్తానని చెప్పు" అన్నాడు.

కదిరమ్మ తడిక చుట్టూ తిరిగి అవతలికి పోయింది. "లింగప్పన్నా, నీ ట్రాక్టరు టైర్లు బాగా అరిగిపోయినట్లుండాయంట. ఒకపారి చూపిచ్చుకో అంటాండాడు బయ్యన్న. ఆడ నుంచి తీసి నీడన పెట్టుకోమన్నాడు."

లింగప్ప కాసేపు బజ్జీ నమిలి, "వాని అబ్బ సొత్తా రోడ్డు? ముందు వాన్ని చావమను" అన్నాడు.

కదిరమ్మ మళ్లీ ఇవతలికి వచ్చింది. "తీస్తాడంటన్నా. ఎండలు ముదిరినాయి, నిన్ను ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమన్నాడు."

బయ్యన్నకు పొలమారింది. దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటే, మిరపకాయ ఘాటు ఎక్కువైందేమోనని కదిరమ్మ మజ్జిగ ఇచ్చింది. సాయంత్రానికి ట్రాక్టరు నీడలో ఉంది. ఏళ్ల తరబడి ఊరు ఇలాగే నడిచింది. నూనె చిటపటలోనూ తడిక చాటునా అసలు మాటలు అవతలికి వినపడవని కదిరమ్మ ధీమా.

ఈ ధీమాకు ఎసరు పెట్టింది శాంతి. అంటే శాంతి పేరు చెప్పుకుని అనంతపురం నుంచి వచ్చిన ఒక సంస్థ. తగవులున్న ఊళ్లలో రెండు పక్షాలూ కలిసి ఒక పని కోరుకుంటే ఆ పనికి నిధి ఇస్తారట. మాకు కావాల్సింది ఎవరిని లేపి అడిగినా చెబుతారు, కాయలు ఆరబోయడానికి సిమెంటు కళ్లం. పక్క ఊరి వాళ్లు కూడా ఆ నిధి అడుగుతున్నారని తెలిసి మావాళ్లకు పౌరుషం వచ్చింది. "వాళ్లదీ ఒక తగవేనా? నిన్నగాక మొన్న మొదలు పెట్టినారు" అని మిట్టవీధి వాళ్లు తీసిపారేస్తే, పల్లపువీధి వాళ్లు కూడా ఆ మాట ఒప్పుకున్నారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడటం నేను చూడడం అదే మొదలు.

సంస్థ తరఫున ఇంద్రాణి అనే అమ్మాయి వచ్చింది. షరతు ఒక్కటే అంది. ఇద్దరు పెద్దలూ ఎదురెదురుగా కూర్చుని, మధ్యవర్తి లేకుండా, సొంత నోటితో మాట్లాడుకుని కళ్లం ఎక్కడో తేల్చుకోవాలి.

ఆ మాట విన్న కదిరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇద్దరూ మాట్లాడుకుంటే పాత మాటలు వస్తాయి. 'ఆనాడు నువ్విట్ల అన్నావు' అంటే, 'నేను యాడన్నాను?' అంటాడు రెండోవాడు. ఏళ్లుగా ఆమె వండి వడ్డించిన అబద్ధాలన్నీ బయటపడతాయి. హోటలు పోతే ఇంకెక్కడైనా పొయ్యి పెట్టుకోవచ్చు. రెండు వీధుల్లోనూ ఆమె మాటకున్న విలువ పోతే మళ్లీ ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? పాపం, మనిషి నిజంగానే బెదిరిపోయింది. బయ్యన్న దగ్గరికి పోయి, "అన్నా, పాతవి తవ్వొద్దు. నీకు బీపీ ఉండాది" అని చెప్పింది. లింగప్పకూ అదే చెప్పింది, ఆయనకు బీపీ లేకపోయినా. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

బడి వరండాలో కుర్చీలు వేశారు. ఊరంతా వచ్చింది. బయ్యన్న పైకప్పు చూశాడు. లింగప్ప తన చెప్పులు చూసుకున్నాడు. చాలాసేపటికి బయ్యన్న గొంతు సవరించుకుని, "మే కదిరమ్మా, ఆయప్పకు చెప్పు..." అన్నాడు.

"ఆమె వద్దండీ. మీరే నేరుగా చెప్పండి" అంది ఇంద్రాణి.

వరండా మెట్ల దగ్గర ఒక మేక కాగితం నములుతోంది. లింగప్ప దాని వైపు తిరిగాడు. "ఏమే మేకా, కళ్లం మిట్ట దిక్కు కడితే నేను ఒప్పుకునేది లేదని చెప్పు."

బయ్యన్న కూడా మేకకే జవాబిచ్చాడు. "నువ్వు ఒప్పుకునేదేంది మేకా, అడిగినోళ్లు ఎవురు నిన్ను?"

మేక ఇద్దరినీ చూసింది గాని, నమలడం ఆపలేదు. ఇంద్రాణి నవ్వాపుకోలేక తల దించుకుని, తర్వాత గట్టిగా చెప్పింది. "మేక కూడా మధ్యవర్తి కిందికే వస్తుందండీ." ఎవరో పోయి మేకను తోలేశారు. దానితో పాటు మాటలూ పోయాయి. అరగంట చూసి ఆ అమ్మాయి సంచి సర్దుకుంది. "వచ్చే ఏడాది చూద్దాం. ఈసారికి పక్క ఊరికి ఇస్తాం."

కదిరమ్మ ఇక ఉండలేకపోయింది. అంత భయపడిన మనిషీ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"వాల్లది కాదమ్మా తప్పు, నాది! ఒగరి మాట ఒగరికి ఉన్నదున్నట్లు ఏపొద్దూ చెప్పలా నేను. వాల్లు తిట్టుకుంటాంటే మంచి మాటలు కల్పించి చెప్పినా. వాల్లకు నేరుగా మాట్లాడేది తప్పిపోయిందే నా వల్ల. నన్నేమన్నా అనుకోండి, కళ్లం మాత్రం పోనీయొద్దు!"

లింగప్ప తల గోక్కున్నాడు.

"మాకు తెలుసులే మే."

"ఏం తెలుసు?"

"అన్నీ ఇనపడ్తాయి. అది తడికే గదా, గోడా?" అన్నాడు. బయ్యన్న పైకప్పు మీద నుంచి చూపు దించకుండానే తలాడించాడు.

కదిరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలో భయం పోయి ఎర్రదనం వచ్చింది. "అంటే ఇన్నేండ్లు నన్ను ఆ తడిక చుట్టూ ఊరికే తిప్పినారా? మీ తిట్లన్నీ కడుపులో పెట్టుకోని, యాడ బయటపడ్తాయోనని నేను నిద్ర లేక చస్తాంటే, మీరు బజ్జీలు తింటా తమాషా చూస్తాంటిరా? ఇంగ నా అంగడి దిక్కు రావద్దు. ఇద్దరూ!" కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

బయ్యన్న లేచి నిలబడ్డాడు. కంగారులో నేరుగా లింగప్ప ముఖంలోకి చూశాడు.

"ఏమప్పా, ఎందుకు చెప్తివి? నోరు మూసుకోని ఉండలేవా? పో, పోయి పిల్చుకోని రాపో."

"నేనేల? నువ్వు గదా తలాడిస్తివి. నువ్వే పో."

"నా మాట ఇంటాదా ఆయమ్మ ఇప్పుడు?"

"నాది మాత్రం ఇంటాదా? పా, ఇద్దరమూ పోదాం."

ఏళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకుంటున్నారని మాకు తెలిసేటప్పటికి ఇద్దరూ మెట్లు దిగి నడుస్తున్నారు. వెనకాల మేమంతా. మా వెనకాల సంచి పట్టుకుని ఇంద్రాణి.

కదిరమ్మ పొయ్యి ఆర్పేసి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. బయ్యన్న గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లింగప్పే మాట్లాడాడు.

"తమాషా చూల్లేదు మే. మా నోట్లోంచి వచ్చేవి తిట్లే. నువ్వొచ్చి చెప్పే మాటలే మేం అనింటే ఎంత బాగుండు అనుకుంటాంటిమి. వాటి కోసరమే కూర్చుంటాంటిమి. అట్ల మాట్లాడేది మాకు చేతగాదు."

కదిరమ్మ వెనక్కి తిరగలేదు గాని, భుజాలు కదిలాయి. ఏడుస్తోందని మాకు అర్థమైంది. అలాగే గోడ చూస్తూ అంది. "చేతగాకపోతే నేర్చుకోండి. నేనింగ మొయ్యలేను."

బయ్యన్న చాలా ఇబ్బంది పడ్డాడు. పై పంచె తీసి ముఖం తుడుచుకున్నాడు. చివరికి లింగప్ప వైపు తిరిగి, బడిలో పాఠం అప్పజెప్పే వాడిలా మెల్లగా అన్నాడు.

"లింగప్పా, మీ దిక్కు నేల చదునుగా ఉండాది. కళ్లం ఆడే కట్టుకుందాం. మా కాయలకు కూడా రోంత చోటు పెట్టు."

"రోంతేందన్నా," అన్నాడు లింగప్ప, "సగం నీదే."

కదిరమ్మ ముక్కు చీదుకుని, ఇటు తిరిగి, పొయ్యిలోకి రెండు పుల్లలు తోసింది.