ముంతహా చెప్పిన నిజం

బెకా లోయ పైన కొండవాలులో ముంతహా తండ్రికి ద్రాక్షతోట ఉండేది. ఆయన జీవితమంతా ఉత్త చేతులతో పురుగుమందు కలిపి కొట్టి, చివరికి దగ్గీ దగ్గీ మంచం మీదే పోయాడు. తోట ముంతహాకూ, తమ్ముడు సిమాన్‌కూ చెరిసగం వచ్చింది. పెళ్లి చేసుకోని ముంతహా తన సగంలోకి మందు డబ్బా రానివ్వలేదు. కోతలయ్యాక గొర్రెలను తోలి కలుపు మేపేది. తెగులు కనబడితే గంధకం పొడి చల్లేది. కాపు మాత్రం ఎప్పుడూ పలచనే.

"ముంతహా ద్రాక్ష పండించేది గొర్రెల కోసమే," అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

ఒక ఏడాది వైన్ కంపెనీ నుంచి నదీమ్ అనే అతను వచ్చాడు. మూడేళ్లు తోట మొత్తం మందు లేకుండా పండిస్తే కాపంతా మంచి ధరకు తీసుకుంటామన్నాడు.

"నీ మొండితనానికి ఇన్నాళ్లకు గిరాకీ వచ్చిందే అక్కా!" అని సిమాన్ ఒప్పుకున్నాడు.

రెండేళ్లు ఇద్దరూ పక్కపక్కన కొమ్మలు కత్తిరించారు, రాతిగట్టు మీద కూర్చుని ఒకే రొట్టె తుంచుకు తిన్నారు. ముంతహాకు అంత సంతోషం చిన్నప్పుడు కూడా తెలియదు.

మూడో ఏడాది వేసవి మొదట్లో ఎన్నడూ లేని వాన పట్టుకుంది. గంధకం కొట్టుకుపోయింది, ఆకుల అడుగున తెల్లగా బూజు లేచింది.

"ఒక్కసారి మందు కొడదామక్కా. ఎవరికి తెలుస్తుంది?"

"నాన్న మంచం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. నా పిల్లల కంచాలు కూడా మర్చిపోలేను."

ముంతహా ఒప్పుకోలేదు. ఆమె కళ్లు చూపించుకోవడానికి పట్నం వెళ్లి వచ్చేసరికి తోటంతా మందు వాసన. ఆమె సగంలోనూ కొట్టేశాడు.

"నీ తీగలు చచ్చిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను?" అన్నాడు సిమాన్, తల దించుకుని.

కాపు దక్కింది. కోతల నాడు నదీమ్ లారీలతో వచ్చి, ఒక పండు నోట్లో వేసుకుని మెచ్చుకున్నాడు. సిమాన్ అక్క వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఆమెకు కనిపించింది.

"మందు కొట్టాం," అంది ముంతహా.

కూలీలందరూ విన్నారు. నదీమ్ ముఖం మాడిపోయింది. ఆమెను పక్కకు తీసుకెళ్లి, "ఎందుకు చెప్పావమ్మా? నేను అడగలేదుగా!" అన్నాడు గొంతు తగ్గించి. లారీలు ఖాళీగా కొండ దిగిపోయాయి. పండంతా సారా కాచేవాడికి కారుచౌకగా పోయింది.

"నాన్నను మందు చంపింది. నన్ను నువ్వు చంపావు," అన్నాడు సిమాన్. ఆ చలికాలమే తన సగంలో తీగలన్నీ పెకలించి యాపిల్ మొక్కలు పెట్టాడు.

ఇప్పుడు అతను మందు కొట్టిన ప్రతిసారీ గాలికి అది గట్టు దాటి ఆమె తీగల మీద పడుతుంది. అలా పడుతున్నంత కాలం ఆ పండు మాకొద్దని కంపెనీ తేల్చేసింది.

ఒకరోజు ఉండబట్టలేక, "సిమాన్, గాలి ఇటు కొడుతోందిరా!" అని కేకేసింది.

అతను పంపు ఆపలేదు. "నిజాలు చెప్పే నోరు కదా అక్కా, గుడ్డ కట్టుకో," అన్నాడు.

ముంతహా తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, గొర్రెలను అవతలి అంచుకు తోలుకుపోయింది.